పిల్లల అంతర్జాతీయ ఆన్‌లైన్ చిత్రకళా పోటీకి బొమ్మ పంపడం ఎలా? నియమాల నుంచి సబ్మిట్ దాకా

ఆన్‌లైన్ పోటీలో జడ్జిలు మీ పాప గీసిన కాగితాన్ని చూడరు. ఆ కాగితానికి తీసిన ఫోటోనో, స్కాన్‌నో చూస్తారు. వాళ్ల వరకు ఆ ఫైలే బొమ్మ. హన్మకొండ, కాజీపేట, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి అడిగే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది "ఏ కలర్స్ కొనాలి సార్?" దగ్గర మొదలుపెడతారు. కలర్స్ సంగతి చిన్నది. బొమ్మ బాగుండి కూడా వెనకబడిపోయేది ఎక్కువగా మూడు చోట్ల: నియమాలు చదవకపోవడం, ఫోటో సరిగా రాకపోవడం, ఫారం తప్పుగా నింపడం. అందుకే ఈ మార్గదర్శిలో ఆ మూడింటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

పన్నెండు, పదమూడేళ్లు దాటిన పిల్లలు ఇది తామే చదువుకుని చేసుకోవచ్చు. అంతకంటే చిన్నవాళ్లకు అమ్మానాన్నలు పక్కన కూర్చోవాలి.

## 1. నియమాలు చదివాకే పెన్సిల్ పట్టాలి

పోటీ గురించి వాట్సాప్‌లో వచ్చిన పోస్టర్ చాలదు. నిర్వాహకుల సొంత వెబ్‌సైట్‌లోకి వెళ్లి పూర్తి నియమాల పేజీ తెరవండి. ఇంగ్లిష్ ఇబ్బందిగా ఉంటే ఫోన్‌లో అనువాదం పెట్టుకుని ఒకసారి చదవండి. వయసు, సైజు, తేదీలు, హక్కులు ఉన్న నాలుగు పేరాలు మాత్రం ఇంగ్లిష్ బాగా వచ్చిన వాళ్లతో మళ్లీ చదివించుకోండి.

చదువుతూ ఒక నోటు పుస్తకంలో ఇవి రాసుకోండి:

- వయసు పరిమితి, ఆ వయసును ఏ తేదీ నాటికి లెక్కపెడతారు
- అంశం ఏమిటి, స్వేచ్ఛగా గీయవచ్చా
- చేత్తో గీసినవేనా, డిజిటల్ బొమ్మలు కూడా తీసుకుంటారా
- కాగితం సైజు, అడ్డమా నిలువా
- ఫైల్ రకం, గరిష్ఠ సైజు, కనీస పిక్సెల్స్
- ఒక్కరు ఎన్ని బొమ్మలు పంపవచ్చు
- ఫీజు ఉందా
- గెలిస్తే అసలు బొమ్మ పంపాలా, తిరిగి ఇస్తారా
- హక్కుల గురించి ఏం రాశారు

వయసు దగ్గర చాలామంది పొరపాటు పడతారు. లయన్స్ క్లబ్ వాళ్ల శాంతి పోస్టర్ పోటీనే చూడండి. 1988 నుంచి జరుగుతోంది, 11 నుంచి 13 ఏళ్ల పిల్లలకు మాత్రమే. ఆ వయసును కూడా పోటీలో చెప్పిన ఫలానా తేదీకే లెక్కిస్తారు. బొమ్మలో అక్షరాలు, అంకెలు రాయకూడదు. పిల్లలు నేరుగా పంపడానికి లేదు, స్థానిక క్లబ్ ద్వారానే వెళ్లాలి. "పోస్టర్" అనగానే మన పిల్లలు పైన పెద్ద అక్షరాలతో నినాదం రాస్తారు. ఆ ఒక్క నినాదంతో ఎంత మంచి బొమ్మైనా పోటీ నుంచి తప్పుకున్నట్టే.

ఇంకో సంగతి. పేరున్న అంతర్జాతీయ పోటీలన్నీ ఆన్‌లైన్‌లో ఉండవు. ఢిల్లీ నుంచి 1949లో మొదలైన శంకర్స్ పిల్లల పోటీ, చెక్ దేశంలోని లిడిత్సే పిల్లల చిత్రకళా ప్రదర్శన వంటివి అసలు బొమ్మనే పోస్టులో అడుగుతూ వచ్చాయి. పంపే విధానాన్ని ఆ ఏడాది నియమాల్లోనే చూసుకోండి, పోయినేడాది తెలిసినవాళ్లు చెప్పిన మాట మీద వెళ్లకండి.

## 2. పోటీ అసలుదేనా అని తేల్చుకోవడం

పిల్లల మీద ప్రేమతో డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఫీజు ఉన్నంత మాత్రాన మోసం అనలేం. అలాగని ఫీజు లేనివన్నీ మంచివీ కావు. చూడాల్సినవి వేరే ఉన్నాయి.

గత సంవత్సరాల్లో గెలిచిన బొమ్మలు సైట్‌లో ఉన్నాయా? జడ్జిల పేర్లు ఇచ్చారా, ఆ పేర్లు విడిగా వెతికితే నిజంగా చిత్రకారులో ఉపాధ్యాయులో అని తెలుస్తోందా? నిర్వహించే సంస్థకు చిరునామా ఉందా? ఈ మూడూ ఉంటే ధైర్యంగా ముందుకు వెళ్లవచ్చు.

కింది వాటిలో ఒక్కటి కనిపించినా ఆగిపోండి:

- "పాల్గొన్న ప్రతి ఒక్కరికీ గోల్డ్ మెడల్", మెడల్‌కు మాత్రం కొరియర్ చార్జీ
- బొమ్మ పంపిన మర్నాడే "మీ పాప గెలిచింది, సర్టిఫికెట్ ఫీజు కట్టండి" అని మెసేజ్
- వ్యక్తిగత ఫోన్ నంబర్‌కు డబ్బు పంపమనడం
- ఓటీపీ, బ్యాంకు పాస్‌వర్డ్, ఆధార్ పూర్తి నంబర్ అడగడం

డబ్బు పోయిందని తెలిస్తే సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

హక్కుల పేరా గురించి కూడా ఇక్కడే చెప్పాలి. "ప్రదర్శనకు, ప్రచారానికి మీ బొమ్మను వాడుకుంటాం, హక్కులు మీవే" అని ఉంటే అది మామూలే. "బొమ్మ మీద సమస్త హక్కులు శాశ్వతంగా మాకే" అని ఉంటే అది వేరే విషయం. రేపు వాళ్లు ఆ బొమ్మను గ్రీటింగ్ కార్డు మీద వేసి అమ్ముకున్నా మీకు మాట్లాడే వీలుండదు. కొన్ని మంచి సంస్థలు కూడా అలా రాసుకుంటాయి. ఒప్పుకోవాలో వద్దో ఇంట్లో మాట్లాడుకుని తేల్చండి, పిల్లలను కూడా అడగండి. గీసింది వాళ్లు కదా.

## 3. చివరి తేదీ నుంచి వెనక్కి లెక్క

కనీసం నాలుగు వారాలు చేతిలో ఉండేలా మొదలుపెట్టండి. మొదటి వారం ఆలోచనకు, చిన్న స్కెచ్‌లకు. రెండు, మూడు వారాలు అసలు బొమ్మకు. నాలుగో వారం ఫోటో, ఫైల్, ఫారం. బడి పరీక్షలు ఎప్పుడున్నాయో ముందే చూసుకోండి. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నాలు ఖాళీగా కనిపిస్తాయి గానీ, ఆ వేడిలో వాటర్ కలర్ వేసిన వెంటనే ఆరిపోయి అంచులు గట్టిగా కనిపిస్తాయి. ఆకాశం లాంటి పెద్ద వాష్‌లు (పలుచటి రంగును ఒకే పరుపుగా వేయడం) పొద్దున్నే వేయించండి.

"31వ తేదీ రాత్రి 11:59" అని ఉంటే అది ఎవరి రాత్రి? ఇది తప్పకుండా చూడాలి. మన సమయం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది.

- యూటీసీ ప్రకారం 11:59 అంటే మనకు మర్నాడు ఉదయం 5:29
- న్యూయార్క్ సమయమైతే మనకు మర్నాడు ఉదయం 9:29, అక్కడ చలికాలంలో 10:29
- జపాన్ సమయమైతే మనకు అదే రోజు రాత్రి 8:29

జపాన్, కొరియా పోటీల్లోనే ప్రమాదం. రాత్రి పదింటికి తీరిగ్గా కూర్చునేసరికి అక్కడ తేదీ మారిపోయి ఉంటుంది. ఏ దేశమైనా సరే, చివరి తేదీకి మూడు రోజుల ముందే పంపేయాలని ఇంట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. ఆఖరి రోజు సైట్ నెమ్మదిస్తుంది, ఇంట్లో కరెంటో నెట్టో పోతుంది, అందరికీ టెన్షన్.

## 4. ఏం గీయాలి

అంశం "నీరు" అనుకోండి. చాలామంది పిల్లలకు మొదట తట్టేది ఒకటే: రెండు చేతులు, మధ్యలో భూగోళం, పైన కుళాయి, ఒక బొట్టు. "పర్యావరణం" అంటే సగం పచ్చగా, సగం ఎండిన చెట్టు. "శాంతి" అంటే పావురం. జడ్జిల ముందు ఇలాంటివి వరుసగా వస్తూనే ఉంటాయి.

అందుకే మొదట వచ్చిన ఆలోచనను గీసి పక్కన పెట్టించండి. తర్వాత ఒక ప్రశ్న అడగండి: "దీన్ని నువ్వు నీ కళ్లతో ఎక్కడ చూసినవ్?" జవాబు అక్కడి నుంచి వస్తుంది. వానలు పడి చెరువు మత్తడి దుంకుతుంటే కింద చేపలు పడుతున్న జనం. బోరు దగ్గర బిందెల వరుసలో చెప్పులు పెట్టి వెళ్లిన అవ్వ. చెరువు పూడిక తీసిన మట్టిని పొలానికి తోలుతున్న ట్రాక్టర్. ఇవన్నీ "నీరు" అంశానికి సరిపోయేవే. ఇంకో దేశంలో ఉన్న జడ్జికి ఇవి కొత్తగా కనిపిస్తాయి.

"నా కుటుంబం", "పని" లాంటి అంశాలకు మన దగ్గర కొదవ లేదు. గోదావరిఖని బొగ్గు గనిలో నైట్ షిఫ్ట్ దిగి హెల్మెట్‌తో వచ్చే నాన్న, జగిత్యాల వైపు వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మ, వరంగల్ కొత్తవాడలో మగ్గం మీద రంగురంగుల దర్రీ, ఏనుమాముల యార్డులో మిర్చి రాశుల మధ్య నడిచే హమాలీ. రామప్ప, వేయి స్తంభాల గుడి కూడా గీయవచ్చు. కానీ గూగుల్‌లో దొరికిన ఫోటోను చూసి కాదు. గుడి మెట్ల మీద కూర్చుని ఇడ్లీ తింటున్న తమ్ముడు బొమ్మలో ఉంటే అది మీ రామప్ప అవుతుంది.

పద్ధతి ఇది:

1. ఒక ఏ4 కాగితాన్ని ఆరు గళ్లుగా చేయండి.
2. ఒక్కో గడిలో ఒక్కో ఆలోచన, ఐదు నిమిషాలకు మించకుండా, పెన్సిల్‌తో.
3. ఒకరోజు వదిలేయండి.
4. మర్నాడు దూరం నుంచి చూసి, వెంటనే అర్థమయ్యే గడిని ఎంచుకోండి. జడ్జిలు మొదట చూసేది స్క్రీన్ మీద చిన్న బొమ్మగానే. చిన్నగా ఉన్నప్పుడు అర్థం కానిది పెద్దగా చేసినా అంతే.
5. ఎంచుకున్న దాన్ని రంగులతో ఇంకోసారి చిన్నగా వేసి చూడండి.

పింటరెస్ట్ చూసి దించిన బొమ్మ, కార్టూన్ పాత్రలు, సినిమా హీరోలు వద్దు. కాపీ అని తేలితే బొమ్మను తీసేస్తారు, పిల్లల మనసు విరిగిపోతుంది. పని చేస్తున్న అమ్మను కూర్చోబెట్టి చూస్తూ గీయడం, తామే తీసిన ఫోటో చూసి గీయడం తప్పు కాదు.

## 5. కాగితం, రంగులు

నియమాల్లో సైజు చెప్పకపోతే ఏ3 తీసుకోండి, అంటే 29.7 × 42 సెంటీమీటర్లు. చిన్నపిల్లలకు ఏ4 చాలు. వాటర్ కలర్, పోస్టర్ కలర్ అయితే 200 జీఎస్ఎం లేదా అంతకంటే మందం ఉన్న కాగితం అడగండి. బడి డ్రాయింగ్ బుక్కులోని పలుచటి కాగితం తడిస్తే అలలు అలలుగా లేస్తుంది, ఆ అలల నీడలన్నీ ఫోటోలో మచ్చల్లా పడతాయి. గీసే ముందు కాగితం నాలుగు అంచులను మాస్కింగ్ టేపుతో అట్టకు అతికిస్తే చాలావరకు లేవదు.

ఫోటోలో సరిగా రానివి ఇవి: మెరుపు పొడి, బంగారు రంగు పెన్నులు, రేడియం రంగు స్కెచ్ పెన్నులు, మరీ లేత పెన్సిల్ షేడింగ్. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉన్నా ఆన్‌లైన్ పోటీకి వీటిని వదిలేయడం మేలు. పెన్సిల్ బొమ్మ అయితే హెచ్‌బీతో ఆగకుండా 4బీ, 6బీ లాంటి ముదురు పెన్సిళ్లతో చీకటి భాగాలు గట్టిగా వేయించండి.

ఖరీదైన కలర్ బాక్స్ అవసరం లేదు. అలవాటైన రంగులే మంచివి. పోటీ కోసమని కొత్తగా యాక్రిలిక్ కొనిస్తే పిల్లలు ఆ రంగుతో కుస్తీ పట్టడంలోనే సగం రోజులు పోతాయి.

## 6. గీసేటప్పుడు

పెద్దల చెయ్యి కాగితానికి తగలకూడదు. "మొహం ఒక్కటి నేను సరిచేస్తా" అని మొదలైన పని ఔట్‌లైన్ మొత్తం గీసేదాకా పోతుంది. ఎనిమిదేళ్ల పిల్ల గీసిన చెట్టు పక్కన ముప్పై ఏళ్ల వ్యక్తి గీసిన ముక్కు ఉంటే ఎవరికైనా తెలిసిపోతుంది. పిల్లల బొమ్మలు చూసి చూసి ఉన్న జడ్జికి తెలియకుండా ఉంటుందా? చేతులు పొట్టిగా ఉన్నా, ఇల్లు పక్కకు ఒరిగినా వదిలేయండి. ఈ మాట డ్రాయింగ్ క్లాసులు నడిపేవారికి కూడా చెబుతున్నాను.

మాటసాయం మాత్రం చేయవచ్చు. "ఈ మూల ఖాళీగా ఉందా, నువ్వే అట్లా వదిలినవా?" అని అడగడం సాయం. "అక్కడ సూర్యుణ్ణి పెట్టు" అనడం సాయం కాదు.

మూడు దశల్లో ఫోటో తీసి దాచండి: పెన్సిల్ గీత అయ్యాక, సగం రంగులు వేశాక, పూర్తయ్యాక. ఈ రోజుల్లో ఏఐతో చేసిన బొమ్మలు పోటీలకు వస్తున్నాయి, కాబట్టి నిర్వాహకులు "తయారీ ఫోటోలు చూపండి" అని అడగవచ్చు. డిజిటల్‌గా గీసే టీనేజర్లు లేయర్లు ఉన్న అసలు ఫైల్‌ను, వీలైతే గీతల రికార్డింగ్‌ను దాచుకోవాలి. అన్ని లేయర్లను ఒకటిగా కలిపేసి సేవ్ చేసి, పాతది డిలీట్ చేయకండి.

## 7. ఫోటో తీయడం

ఇక్కడ తొందరపడితే వారాల కష్టం నీరుగారుతుంది.

ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి మిర్చి యార్డు గీసింది. కాగితం మీద ఎరుపులో నాలుగైదు రకాలున్నాయి: ఎండలో ఉన్న రాశి నారింజ వైపు, నీడలోది గోధుమ వైపు, తడిసిన కాయలు ముదురుగా. ఫోన్‌లో తీస్తే మొత్తం ఒకే ఎర్రటి ముద్ద. కాయకూ కాయకూ మధ్య గీత కూడా లేదు. ఫోన్ కెమెరాలకు చిక్కటి ఎరుపు, చిక్కటి పసుపు త్వరగా పొంగిపోతాయి. బతుకమ్మ బొమ్మలో తంగేడు, బంతి కూడా ఇలాగే అయిపోతాయి. పరిష్కారం చిన్నదే: బొమ్మ మీద వేలు పెట్టి నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొద్దిగా కిందికి లాగాలి. వెలుతురు కాస్త తగ్గగానే ఆ ఎరుపులన్నీ విడివిడిగా కనిపించాయి.

వరుసగా ఇలా చేయండి:

1. ఉదయం ఎనిమిది నుంచి పది మధ్య, వరండాలో నీడలో పెట్టండి. నేరుగా ఎండ వద్దు, ట్యూబ్‌లైటు వద్దు, ఫ్లాష్ అసలే వద్దు.
2. చుట్టూ ఏ రంగు ఉందో చూడండి. నీలం టార్పాలిన్ కింద తీస్తే కాగితం నీలంగా, గులాబీ గోడ పక్కన తీస్తే గులాబీగా వస్తుంది. ఆకుపచ్చ షేడ్ నెట్ కింద కూడా అంతే.
3. బొమ్మను గోడకు నిలువుగా, చదునుగా అతికించండి. నేల మీద పెట్టి వంగి తీస్తే మీ నీడే పడుతుంది.
4. కెమెరా లెన్సును మెత్తటి గుడ్డతో తుడవండి. జేబులోంచి తీసిన ఫోన్ లెన్సు మీద నూనె మరక లేకుండా ఉండదు.
5. కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ గీతలు ఆన్ చేయండి. ఫిల్టర్, బ్యూటీ మోడ్ ఆఫ్.
6. ఫోన్‌ను బొమ్మ మధ్యభాగం ఎత్తులో పట్టుకోండి. మీటరు దూరం వెనక్కి జరిగి ప్రధాన కెమెరాతోనే తీయండి. వైడ్ లెన్సుతో దగ్గరగా తీస్తే అంచులు వంగుతాయి.
7. ఫోన్‌ను స్టూల్ మీద పుస్తకాలకు ఆనించి, మూడు సెకన్ల టైమర్ పెట్టండి.
8. వెలుతురు మార్చుతూ నాలుగైదు ఫోటోలు తీయండి.
9. అసలు బొమ్మను ఫోన్ పక్కన పట్టుకుని పోల్చండి. పెద్దగా చేసి నాలుగు మూలలూ చూడండి. మధ్యలో స్పష్టంగా ఉండి మూలల్లో మసకగా ఉంటే మళ్లీ తీయాలి.

స్కాన్ చేయించుకోవచ్చు కూడా. ఏ4 అయితే స్కాన్ మేలు. జిరాక్స్ సెంటర్‌కు వెళితే వాళ్లకు అలవాటైన పని సర్టిఫికెట్లు స్కాన్ చేయడం. చెప్పకపోతే అదే సెట్టింగ్‌లో పీడీఎఫ్ తీసిస్తారు, లేత రంగులు ఎగిరిపోతాయి. "కలర్, ఫోటో మోడ్, 300 డీపీఐ, జేపీజీ" అని చెప్పండి (డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న లెక్క). బొమ్మను పైనుంచి లాక్కునే ఫీడర్‌లో పెట్టనివ్వకండి. అద్దం మీద పెట్టించండి, అద్దాన్ని ముందు తుడిపించండి. ఆయిల్ పాస్టెల్ బొమ్మలను స్కాన్ చేయకపోవడమే మంచిది, రంగు అద్దానికి అంటుకుని బొమ్మ చెదిరిపోతుంది.

డాక్యుమెంట్ స్కానర్ యాప్‌లు వాడకండి. అవి కాగితాన్ని తెల్లగా, అక్షరాలను నల్లగా చేయడానికి తయారైనవి. మీ పాప వేసిన లేత పొగమంచును అవి మురికి అనుకుని చెరిపేస్తాయి.

## 8. ఫైల్ సిద్ధం చేయడం

ఫోటోను నిటారుగా తిప్పండి, కాగితం అంచుల వరకు కత్తిరించండి. గోడ, టేపు, వేళ్లు కనిపించకూడదు. అసలు బొమ్మకు సరిపోయేలా వెలుతురు కొద్దిగా సర్దవచ్చు. రంగులు చిక్కబరచడం, ఏఐ యాప్‌తో "మెరుగు" పెట్టడం మాత్రం వద్దు. ఆ యాప్ కొత్త గీతలు కలుపుతుంది, అప్పుడది పిల్లల బొమ్మ కాకుండా పోతుంది.

కొలతలు గుర్తుంచుకోండి. 300 డీపీఐ దగ్గర ఏ4 అంటే 2480 × 3508 పిక్సెల్స్, ఏ3 అంటే 3508 × 4961. మామూలు 12 మెగాపిక్సెల్ ఫోటో ఏ4కు సరిపోతుంది, ఏ3కు చాలదు. ఫోన్‌లో 50 మెగాపిక్సెల్ మోడ్ విడిగా ఉంటే ఏ3కు అది ఆన్ చేయండి.

అన్నిటికంటే ఎక్కువగా చూసే తప్పు: ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపించుకుని, అక్కడ దించుకున్న దాన్ని అప్‌లోడ్ చేయడం. వాట్సాప్ ఫోటోను బాగా కుదించేస్తుంది. పంపాల్సి వస్తే "డాక్యుమెంట్"గా పంపండి, లేదా డ్రైవ్‌లో పెట్టండి, లేదా కేబుల్‌తో కంప్యూటర్‌లోకి తీసుకోండి.

ఇంకొన్ని చిక్కులు, వాటికి మందు:

- ఐఫోన్ ఫోటో హెచ్‌ఈఐసీ రకంలో వచ్చి సైట్ తీసుకోకపోతే, కెమెరా సెట్టింగ్స్‌లోని ఫార్మాట్స్‌లో "మోస్ట్ కంపాటిబుల్" ఎంచుకుని మళ్లీ తీయండి. ఫైల్ పేరు చివర జేపీజీ అని మార్చి రాస్తే రకం మారదు.
- ఫైల్ 5 ఎంబీ దాటితే, ఫోటో ఎడిటర్‌లో జేపీజీ క్వాలిటీ 90 దగ్గర పెట్టి సేవ్ చేయండి. అప్పటికీ ఎక్కువైతే నియమాల్లో చెప్పిన కనీస పిక్సెల్స్ కంటే దిగకుండా సైజు తగ్గించండి.
- ఫైల్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, పిల్లల పేరు, వయసు, బొమ్మ పేరుతో పెట్టండి. నియమాల్లో వేరే పద్ధతి చెబితే అదే పాటించండి.

## 9. బొమ్మ పేరు, దాని గురించి నాలుగు మాటలు

"ప్రకృతి అందాలు", "సేవ్ వాటర్" లాంటి పేర్లు బొమ్మకు ఏమీ కలపవు. "మా చెరువు నిండిన రోజు" అంటే చూసేవాళ్లు ఆగుతారు.

వివరణ అడిగితే, ముందు పిల్లలను తెలుగులో నోటితో చెప్పమనండి, ఫోన్‌లో రికార్డు చేయండి. వాళ్ల మాటలనే రాసి ఇంగ్లిష్‌లోకి మార్చండి. పెద్దలు రాసిచ్చిన "ఈ చిత్రం మానవాళికి సందేశం" కంటే "మా నాన్న హెల్మెట్ తీయకుండానే ఇంట్లకి వస్తడు, నాకది నవ్వొస్తది" అన్న మాట ఎంతో మేలు.

మన దగ్గరి విషయాలు బయటివాళ్లకు తెలియవు కాబట్టి ఒక్క వాక్యంలో చెప్పండి. బతుకమ్మ గీస్తే: దసరాకు ముందు తొమ్మిది రోజులు ఆడవాళ్లు పూలను గుండ్రంగా పేర్చి, చుట్టూ తిరుగుతూ పాడి, చెరువులో వదులుతారు. అంతే చాలు. పేరును మాత్రం "పూల పండుగ" అని మార్చకుండా బతుకమ్మ అనే రాయండి.

## 10. ఫారం నింపడం

పేరు దగ్గర నిదానించండి. మన దగ్గర ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరంగా రాస్తాం. విదేశీ ఫారంలో పిల్లల పేరు ఒక గడిలో, ఇంటిపేరు ఇంకో గడిలో ఉంటాయి. బడి రికార్డులో, జనన ధ్రువపత్రంలో ఎలా ఉందో అదే స్పెల్లింగ్‌తో, ఇంటిపేరును పూర్తిగా విడదీసి రాయండి. సర్టిఫికెట్ మీద అచ్చయ్యేది ఇదే.

చిరునామాలో పాత జిల్లా పేర్లు ఇంకా తిరుగుతున్నాయి. 2021లో వరంగల్ అర్బన్ హన్మకొండ జిల్లాగా, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లాగా మారాయి. ఆధార్‌లో పాత పేరు ఉన్నా ఫారంలో ఇప్పటి పేరు, సరైన పిన్ కోడ్ రాయండి.

- ఈమెయిల్, ఫోన్ తల్లిదండ్రులవే ఇవ్వండి. నంబర్ ముందు 91 కోడ్ ఉండాలి.
- పుట్టిన తేదీలో నెల ముందా, రోజు ముందా చూడండి. అమెరికా ఫారాల్లో నెల ముందుంటుంది. 05/08 తారుమారైతే వయసు విభాగమే మారిపోవచ్చు.
- కొలతలు సెంటీమీటర్లా, అంగుళాలా? ఎత్తు ముందా, వెడల్పు ముందా?
- వయసు రుజువుకు బడి బోనఫైడ్ లేదా జనన ధ్రువపత్రం ఇవ్వండి. ఆధార్ తప్పదంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్.
- పిల్లల ఫోటో అడిగితే బడి యూనిఫాం, ఇంటి నంబర్ కనిపించనిది ఎంచుకోండి.
- తల్లిదండ్రుల సమ్మతి పత్రం మీద సంతకం చేసేది మీరే. పిల్లలతో పెట్టించకండి.

ఫీజు ఉన్న పోటీ అయితే కార్డు మీద విదేశీ చెల్లింపులు ఆన్‌లో ఉన్నాయో లేదో బ్యాంకు యాప్‌లో చూడండి. రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన నియమం ప్రకారం కార్డులు మొదట దేశంలో వాడకానికే పనిచేస్తాయి, విదేశీ వాడకాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. పరిమితి చిన్నగా పెట్టి, కట్టగానే మళ్లీ ఆఫ్ చేయండి.

## 11. సబ్మిట్, ఆ తర్వాత

నొక్కే ముందు ఆఖరిసారి:

- ☐ అప్‌లోడ్ అయిన బొమ్మను తెరిచి చూశాం, సరిగ్గా నిటారుగా ఉంది
- ☐ సరైన వయసు విభాగం
- ☐ పేరు స్పెల్లింగ్ ఇద్దరు చదివారు
- ☐ బొమ్మలో సంతకం, అక్షరాలు ఉండవచ్చో లేదో చూశాం
- ☐ సమ్మతి పత్రం జత చేశాం

సబ్మిట్ అయ్యాక వచ్చే పేజీకి స్క్రీన్‌షాట్ తీయండి. ధ్రువీకరణ మెయిల్ ఒకరోజులో రాకపోతే స్పామ్ ఫోల్డర్ చూడండి. అక్కడా లేకపోతే, కంగారుపడి ఇంకోసారి పంపకుండా, స్క్రీన్‌షాట్ జత చేసి నిర్వాహకులకు మెయిల్ రాయండి. ఒకే బొమ్మ రెండుసార్లు వెళితే కొన్ని చోట్ల రెండింటినీ తీసేస్తారు.

ఫలితాలు వచ్చేదాకా అసలు బొమ్మను అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి, ఇంకో పోటీకి పంపకండి. ఫ్రేము కట్టించే తొందర కూడా వద్దు. తెల్ల కాగితాల మధ్య, రెండు అట్టల నడుమ, చెద పట్టని అల్మారాలో చదునుగా పెట్టండి. ఆయిల్ పాస్టెల్ అయితే పైన బటర్ పేపర్ వేసి, బరువు పెట్టకుండా ఉంచండి.

ఎంపికైతే కొందరు అసలు బొమ్మను పంపమంటారు. మందపాటి పోస్టర్ కలర్ వేసిన బొమ్మను చుడితే రంగు పగుళ్లు తీస్తుంది, కాబట్టి అట్టల మధ్య చదునుగానే పంపండి. వాన తగలకుండా ముందు ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. వెనకవైపు పెన్సిల్‌తో పేరు, వయసు, దేశం, బొమ్మ పేరు రాయండి, స్కెచ్ పెన్నుతో రాస్తే ముందుకు దిగుతుంది. హెడ్ పోస్టాఫీసులో విదేశీ స్పీడ్ పోస్ట్ అడిగి, కస్టమ్స్ ఫారంలో "పిల్లలు గీసిన బొమ్మ, అమ్మకానికి కాదు" అని ఇంగ్లిష్‌లో రాయించండి. ట్రాకింగ్ నంబర్ ఉన్న రసీదుకు ఫోటో తీసి, నిర్వాహకులకు అదే రోజు మెయిల్ చేయండి.